శ్రీమద్వేదాంత దేశికులు: ఉంఛవృత్తి, కనకవృష్టి

శ్రుతిస్మృతి పురాణములలో బంగారము పలుతావుల కానవచ్చును. శ్రీసూక్తము లక్ష్మీదేవిని బంగారు వన్నె గల తల్లిగా, బంగారు వెండి హారములు దాల్చిన దానిగా కీర్తించి, ఆమెను తోడ్కొని రమ్మని అగ్నిదేవుని ప్రార్థించుచున్నది. ఛాందోగ్యోపనిషత్తు సూర్యమండల మధ్యమున వెలుగొందు పరమపురుషుని కేశములు మొదలు గోటికొన వరకు స్వర్ణమయునిగా వర్ణించినది. ఒక్క కారణమును తెలిసికొన్నచో దాని కార్యములన్నియు తెలియబడునని బోధించుటకు ఆ ఉపనిషత్తే మట్టిముద్దతోపాటు బంగారు ముద్దను కూడ దృష్టాంతముగా గ్రహించినది. పొలములో పూడ్చియున్న బంగారు నిధిమీద నిత్యము నడచుచును దాని నెరుగని వారివలె, జీవులు ప్రతిదినము పరబ్రహ్మమును చేరుచును ఆయనను గుర్తింపకున్నారని మరియొక చోట చెప్పినది.

ఇంతగా కొనియాడిన బంగారమును శాస్త్రమే శంకతోను చూచినది. ఈశావాస్యోపనిషత్తు తుదిభాగమున సత్యము యొక్క ముఖము బంగారు పాత్రతో మూయబడియున్నదనియు, ఆ మూతను తొలగింపుమనియు సాధకుడు సూర్యదేవుని వేడుకొనును. భాగవతమున పరీక్షిన్మహారాజు కలిపురుషునకు నివాసములుగా ద్యూతము, పానము మొదలగు నాలుగు తావులను చూపి, అతడు మరల యాచింపగా అయిదవదిగా బంగారమును చూపెను. రామాయణమున బంగారు లేడి సీతమ్మను శ్రీరాముని సన్నిధినుండి వేరు చేసినది. తుదకు అశ్వమేధ యాగమున ఆ తల్లికి మారుగా రాముని ప్రక్కన నిలిచినదియు బంగారు సీతయే.

ఒకే లోహము శ్రీదేవి వన్నెయు, కలి నివాసమును ఎట్లు కాగలదు? ఈ ప్రశ్నకు వ్యాఖ్యానములలో సమాధానములు కలవు. అంతకంటె తేటయైన సమాధానము ఒక మహాచార్యుని జీవితమున కలదు. ఆయన ఈశావాస్యోపనిషత్తునకు భాష్యము రచించినవారు. సర్వమును ఈశ్వరునిచే వ్యాప్తమని, ఎవ్వరి ధనమును ఆశింపరాదని ఆరంభమందే ఆదేశించు ఆ ఉపనిషత్తును ఆయన వ్రాతలో వ్యాఖ్యానించుటయే గాక, నూరేండ్ల బ్రతుకులో ఆచరించి చూపిరి. ఆయనయే కవితార్కిక సింహులు, సర్వతంత్ర స్వతంత్రులునైన శ్రీమద్వేదాంత దేశికులు.

క్రీ.శ. 1251లో సింహాసనమెక్కిన జటావర్మ సుందర పాండ్యుడు శ్రీరంగనాథుని విమానమును బంగారుతో కప్పించి, హేమచ్ఛాదన రాజను బిరుదము వహించెను. దక్షిణదేశమున దేవాలయములు సిరిసంపదలతో తులతూగుచున్న కాలమది. అట్టి కాలమున, 1268వ సంవత్సరమున, కాంచీపురమునకు చేరువనున్న తూప్పుల్ అను అగ్రహారమున అనంతసూరి, తోతారంబ అను పుణ్యదంపతులకు దేశికులు జన్మించిరి. విభవనామ సంవత్సరము, కన్యామాసము, శ్రవణ నక్షత్రము. శ్రవణము తిరువేంగడముడయానుని తిరునక్షత్రము గూడ. తోతారంబకు కలలో శ్రీనివాసుని ఆరాధన ఘంట లభించినదనియు, ఆ ఘంటాంశముననే ఈ శిశువు అవతరించెననియు సంప్రదాయము. తిరుమలలో ఆరాధనవేళ చేతిగంట వాడకుండుటకు ఇదియే కారణమని పెద్దలు చెప్పుదురు. శిశువునకు వేంకటనాథుడని నామకరణము చేసిరి.

తోతారంబ సోదరులైన ఆత్రేయ రామానుజులు గొప్ప విద్వాంసులు. వారికే అప్పుళ్ళార్ అని ప్రసిద్ధి. వారు అయిదేండ్ల మేనల్లుని వెంటబెట్టుకొని, కంచి వరదరాజ సన్నిధిలో శ్రీభాష్య కాలక్షేపము చేయుచున్న నడాదూర్ అమ్మాళ్ వారి గోష్ఠికి వెళ్ళిరి. బాలుని తేజస్సును చూచి అమ్మాళ్ వారు ప్రవచనమాపి పలుకరించిరి. తిరిగి ప్రారంభింపబోవగా ఎచ్చట నిలిచినదో శిష్యులకు తోచలేదు. ఆ పసివాడు ఆ తావును గుర్తుచేసెను. అమ్మాళ్ వారు ఆనందభరితులై, ఈ బాలుడు వేదాంతమును సుప్రతిష్ఠితము చేయగలడని ఆశీర్వదించిరి. తరువాత మేనమామగారియొద్దనే సకల శాస్త్రములను అభ్యసించి, ఇరువదియేండ్లకే వేంకటనాథులు సర్వవిద్యాపారంగతులైరి.

ఆచార్యుల పరమపదప్రాప్తి పిమ్మట ఆయన తిరువహీంద్రపురమునకు చేరి, ఔషధాద్రిపై గరుడమంత్రమును జపించిరి. గరుత్మంతుని అనుగ్రహమున హయగ్రీవ మంత్రము, దానివలన సర్వవిద్యాధిదేవతయైన హయగ్రీవుని సాక్షాత్కారము లభించినవని చెప్పుదురు. అచ్చటి దేవనాథస్వామిపై సంస్కృతమున దేవనాయక పంచాశత్తును, ప్రాకృతమున అచ్యుత శతకమును రచించిరి. సంస్కృతము, ప్రాకృతము, తమిళము, మణిప్రవాళములలో నూటికి పైబడిన ఆయన రచనలకు అది శుభారంభము.

ఇట్టి పాండిత్యము గలవానికి ఏ రాజాస్థానమైనను ద్వారములు తెరచును. దేశికులు సన్న్యాసులు కారు, గృహస్థులు. భార్య, పుత్రుడు, శిష్యులు, అతిథులు గల ఇల్లు వారిది. అయినను వారు జీవనమునకు ఉంఛవృత్తినే వరించిరి. పొలములో రాలిన గింజలను ఏరుకొని జీవించుట ఉంఛవృత్తి యొక్క మూలార్థము. ఇంటింటి ముంగిట హరినామము పలుకుచు సాగిపోవునపుడు గృహస్థులు భక్తితో వేసిన పిడికెడు బియ్యముతో ఆ దినము గడుపుకొనుట ఆచారములోనున్న అర్థము. ఆ బియ్యముతో వండినది భగవంతునకు నివేదింపవలెను, పిదప తాము భుజింపవలెను. రేపటికని దాచుట అందులో లేదు.

కంచిలోని సంపన్నులు కొందరు ఆచార్యుల ఇంటి లేమిని చూచి బాధపడిరి. బహిరంగముగ ద్రవ్యమిచ్చినచో వారు స్వీకరింపరని ఎరిగినవారగుటచే, వేసెడి బియ్యములోనే బంగారు నాణెములను కలిపి పాత్రలో పోసిరి. దేశికులు పైకెత్తి చూడక ఇల్లు చేరి, పాత్రను ధర్మపత్ని ముందుంచి అనుష్ఠానమునకు వెళ్ళిరి. ఆమె బియ్యమును చేటలో పోసి చూడగా నడుమ ఏవియో మెరసినవి. బంగారమును ఎరుగని ఆ సాధ్వి అవి ఏమని భర్తనడిగెను. దేశికులు వాటిని చూచి, బియ్యములో పట్టిన పురుగులని చెప్పి, చేతితో తాకక దర్భపుల్లతో ఒక్కొక్కటిగా ఏరి బయట పారవేసిరి. ఆమెయు మారుమాట లేక మిగిలిన బియ్యమును కడిగి పొయ్యిమీద పెట్టెను.

ఈ కథ విని, దేశికులకు బంగారముపై ద్వేషమని అనుకొనుట పొరపాటు. గీతాశాస్త్రము మట్టిగడ్డను, రాతిని, బంగారమును సమముగ చూచువానిని యోగి యని చెప్పినది. భగవద్రామానుజుల గీతాభాష్యమునకు తాత్పర్యచంద్రిక యను వ్యాఖ్యను రచించిన దేశికులకు ఆ సమత్వము తెలియనిది కాదు. మరి పురుగులని ఏల అనవలెను? బియ్యము ఈ పూటది. వండినంతనే తీరిపోవును. బంగారము అట్లు కాదు. అది రేపటిని గురించి, ఎల్లుండిని గురించి ఆలోచింపజేయును. దాచుటకు చోటు వెదకించును. ఈనాడు బియ్యములో కలిసి వచ్చిన నాణెము రేపు ఏ ఇంటివారు ఎక్కువ వేయుదురో చూడుమని కన్నులకు నేర్పును. బియ్యము పట్టిన పురుగు ధాన్యమును లోలోపల తొలిచినట్లు, ఈ నాణెము ఉంఛవ్రతమును లోపలినుండి తొలుచును. ఆయన కోపగించినది లోహముపై కాదు. రేపు రక్షించువాడు భగవంతుడా, నాణెమా అను సందేహమునకు ఇంటిలో చోటీయలేదు. ఆ నిర్ణయపు భారమును నిత్యము వంటింట మోసినది వారి ధర్మపత్ని. ఆమె మౌనము ఆ వ్రతమున సగభాగము.

కంచిలోనే మరియొక సంఘటన జరిగినది. దేశికుల కీర్తిని సహింపలేనివారు కొందరు, వారిని నగుబాటు చేయదలచి, వివాహమునకు ధనము లేక తిరుగుచున్న ఒక పేద బ్రహ్మచారిని పిలిచి, ఈ ఊరిలో వేదాంతదేశికులను మించిన ధనికులు లేరని నమ్మబలికి వారియొద్దకు పంపిరి. అమాయకుడైన ఆ వటువు వచ్చి ప్రణమిల్లి తన కోరికను విన్నవించెను. ఇంట గవ్వయైనను లేదు. పంపినవారి తలంపును ఆచార్యులు గ్రహించిరి. అయినను ఆ బ్రహ్మచారి అవసరము కపటమైనది కాదు. గృహస్థాశ్రమమున ప్రవేశింపగోరి వచ్చినవానిని రిక్తహస్తములతో పంపుట ధర్మము కాదు.

దేశికులు అతని చేయి పట్టుకొని పెరుందేవి తాయారు సన్నిధికి తీసికొనిపోయిరి. అమ్మవారి ఎదుట నిలిచి, మందాక్రాంతా వృత్తమున ఇరువదియైదు శ్లోకములతో శ్రీస్తుతిని ఆశువుగా విన్నవించిరి. ఆ జగన్మాత కటాక్షము ఏ దిక్కున ప్రసరించునో ఆ దిక్కున సంపదలు తామే పోటీపడి చేరునను భావముగల శ్లోకము ఆ స్తుతిలో కలదు. స్తుతి విన్న తల్లి కరుణించి సన్నిధిలో కనకవృష్టి కురిపించినదని సంప్రదాయము. దేశికులు ఆ బంగారమును తీసికొమ్మని బ్రహ్మచారికి చూపి, తాము తల్లికి మ్రొక్కి ఇంటిదారి పట్టిరి. మరునాడు ప్రొద్దున యథాప్రకారము ఉంఛవృత్తికి బయలుదేరిరి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. తన ఇంటికి అడగకయే వచ్చిన బంగారమును దర్భతో తొలగించినవారు, పరుని ఇంటికొరకు బంగారమునే నోరు తెరచి యాచించిరి. చూపరులకు ఇది పరస్పర విరుద్ధముగ తోచును. బంగారము ఎవరిదో తెలిసినవారికి ఇందు విరోధము లేదు. అది శ్రీదేవి సొమ్ము. తల్లి సొమ్మును బిడ్డ అక్కరకై తల్లినే అడుగుట న్యాయము. ఆ సొమ్ము తల్లి చేతినుండి అక్కరగలవాని చేతికి సూటిగ చేరినది, నడుమ దేశికుల చేయి అడ్డుపడలేదు. శ్రీదేవి బంగారు వన్నె గలది యని శ్రీసూక్తము చెప్పుటలోని మర్మమిదియే. బంగారము ఆ తల్లి కాంతి. కాంతిని అనుభవింపవచ్చును గాని మూటగట్టజాలము.

దేశికులు శ్రీరంగమున వసించినపుడు, విద్వాంసుల పోటీ కారణముగ ఒక్క రాత్రిలోనే పాదుకా సహస్రమును రచించిరని ప్రసిద్ధి. అది రంగనాథుని పాదుకలపై ముప్పదిరెండు పద్ధతులతో, 1008 శ్లోకములతో కూడిన కావ్యము. అందు ముత్యములకు, మరకతములకు, ఇంద్రనీలములకు వేరువేరు పద్ధతులున్నట్లే బంగారమునకును కాంచన పద్ధతి కలదు. రామాయణమున భరతుడు చిత్రకూటమున శ్రీరామునినుండి గ్రహించిన పాదుకలు స్వర్ణాలంకృతములు. వాటిని శిరస్సున ధరించి తెచ్చి, నందిగ్రామమున సింహాసనముపై నుంచి పదునాలుగేండ్లు రాజ్యభారమును వాటికే నివేదించెను. బంగారు కిరీటమును కాదని బంగారు పాదుకలను కోరినవాడు భరతుడు. శిరస్సునకెక్కిన బంగారము కైకేయి ఇంట కలహము తెచ్చినది. శ్రీపాదముల క్రిందికి చేరిన బంగారము రాజ్యమును పాలించినది. నాణెములను పురుగులనిన ఆచార్యులే పాదుకల బంగారమును మనసార కీర్తించుటకు హేతువు ఈ స్థానభేదమే.

ఇంతలో దక్షిణాపథమునకు గడ్డుకాలము దాపురించినది. 1311లో మాలిక్ కాఫూరు నాయకత్వమున ఢిల్లీ సైన్యములు శ్రీరంగమును దోచుకొనినవి. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు మరల వచ్చిపడినవి. సుందర పాండ్యుడు కప్పించిన స్వర్ణము, తరతరముల రాజులు సమర్పించిన ఆభరణములు అపహృతములైనవి. ఆ విపత్తులో పిళ్ళై లోకాచార్యులు నంపెరుమాళ్ళ ఉత్సవమూర్తిని కాపాడుటకై స్వామితో దక్షిణముగ తరలిపోయి, దారిలోనే పరమపదించిరి. పలుతావులు గడచి ఆ మూర్తి తిరుమలను చేరి, అచ్చటనే కొంతకాలము ఆరాధనలందుకొనినది. తిరుమల ఆలయములోని రంగనాయకుల మండపము నేటికిని ఆ జ్ఞాపకమును నిలుపుచున్నది.

అప్పుడు దేశికులకు ఏబదియైదేండ్లు. శ్రుతప్రకాశిక యను శ్రీభాష్య వ్యాఖ్యను రచించిన సుదర్శనసూరి వార్ధక్యముచే కదలలేని స్థితిలో నుండిరి. ఆయన ఆ గ్రంథపు తాళపత్రములను, తన కుమారులిద్దరిని దేశికుల చేతులలో పెట్టి, తానచ్చటనే ఉండిపోయిరి. దేశికులు ఆ గ్రంథముతో, ఆ బాలురతో రాత్రియంతయు కళేబరముల నడుమ దాగి, సైన్యము తరలిన పిమ్మట పడమరగ ప్రయాణించి, నేటి కర్ణాటకములోని సత్యాగలమును చేరిరి. అచ్చట భయనివారణార్థము అభీతిస్తవమును రచించి, శ్రీరంగమునకు పూర్వవైభవము కలుగవలెనని రంగనాథుని ప్రార్థించిరి.

బంగారము దోపిడిగాండ్రను దూరదేశములనుండి రప్పించినది. తాళపత్రములకై దండెత్తి వచ్చినవారు లేరు. అయినను ఆ రాత్రి కాపాడదగిన నిధి ఏదియను విషయమున దేశికులకు సందేహము లేదు. కప్పిన స్వర్ణము పోయినను మరియొక రాజు మరల కప్పించును. అమ్మాళ్ వారి ముఖతః విని సుదర్శనసూరి వ్రాసియుంచిన శ్రీభాష్యార్థము పోయినచో తిరిగి వ్రాయగలవారు లేరు. నేడు శ్రీభాష్యము చదువు ప్రతి విద్యార్థియు శ్రుతప్రకాశికను ముందుంచుకొని చదువుచున్నాడన్నచో, అది బిడ్డలతోపాటు గుండెకు హత్తుకొనబడి ఆ రాత్రి గడచిన గ్రంథమని స్మరింపవలెను. పూడ్చియున్న బంగారు నిధిపై నడచుచును ఎరుగని జీవుల దృష్టాంతమును ఉపనిషత్తు చెప్పినది గదా! దేశికులు పైకి మెరయు నిధిని విడిచి, మరుగుపడిన నిధికి దారిచూపు గ్రంథమును ఎత్తుకొనిరి.

1336లో విజయనగర సామ్రాజ్యము వెలసినది. ఆ రాజ్యస్థాపనకు అండగా నిలిచిన విద్యారణ్యస్వామికి దేశికులపై బాల్యమునుండి గౌరవమని సంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి. ఇంత మహావిద్వాంసుడు పిడికెడు బియ్యమునకై వీధులు తిరుగుట ఆయన మనస్సునకు కష్టమైనది. ఆస్థానమునకు విచ్చేసి రాజసత్కారములను స్వీకరింపుడని ఆహ్వానము పంపిరి. అది మేలుకోరి పంపిన పిలుపే. దేశికులు దానికి ప్రత్యుత్తరముగ వైరాగ్యపంచకమును పంపిరి. త్రాగుటకు కొలనినీరు, కట్టుటకు పాతబట్ట, తినుటకు ఏరిన గింజలు ఉన్నవానికి ధనమదాంధులైన రాజుల వాకిట నిలువవలసిన పనియేమని అందలి భావము. తాను సంపాదించినది గాని, తండ్రి సంపాదించి ఇచ్చినది గాని తనకేదియు లేకున్నను, పితామహుని ధనము మాత్రము హస్తిగిరి శిఖరమున ఉన్నదని ముగించిరి. పితామహుడనగా తాత. బ్రహ్మదేవునకును ఆ పేరు కలదు. కంచిలో బ్రహ్మ చేసిన యాగమున అగ్నివేదికనుండి ఆవిర్భవించినవాడు వరదరాజస్వామి. తాత ఆర్జించిన ఆస్తి మనుమనికి చెందును గదా! స్వామియే తన పిత్రార్జితమని చెప్పిన ఆ చమత్కారములో దైన్యము లేదు, రాజులపై దూషణకై దూషణయు లేదు. ఆస్తి గలవాని ధీమా మాత్రమే కలదు.

దేశికులు రాజులను వెలివేయలేదు. నేటి తెలంగాణలోని రాచకొండను పాలించిన రేచర్ల వంశజుడైన సర్వజ్ఞ సింగభూపాలుడు, రసార్ణవ సుధాకరమను అలంకార గ్రంథకర్త, దేశికుల ఖ్యాతిని విని తత్త్వమును ఉపదేశింపుమని విన్నపము పంపెనని సంప్రదాయము. దేశికులు కదలి వెళ్ళలేదు గాని తత్త్వసందేశమును, రహస్యసందేశమును, సుభాషితనీవిని వ్రాసి తెలుగునాటికి పంపిరి. సుభాషితనీవి పండ్రెండు పద్ధతులతో 144 శ్లోకములు గల నీతిగ్రంథము. సేవింపదగని ప్రభువులను గురించి అందొక పద్ధతి కలదు. దాతృత్వమును గురించి మరియొక పద్ధతి కలదు. నీవి యనగా మూలధనము. రాజు పండితునకు ధనమిచ్చుట లోకరీతి. ఇచ్చట ఉంఛవృత్తి గల పండితుడే రాజునకు మూలధనమును పంపెను. విజయనగరము పిలిచినపుడు కాదన్నవారే రాచకొండ అడిగినపుడు ఇచ్చుటకు కారణము స్పష్టము. మొదటివారు ధనమీయజూచిరి, రెండవవారు జ్ఞానమడిగిరి.

దేశికులు తుదకు శ్రీరంగమునకు మరలివచ్చి, నూరేండ్లకు పైబడిన నిండుజీవితమును గడపి, 1369లో పరమపదించిరని గురుపరంపర చెప్పుచున్నది. వారి కుమారులు నైనారాచార్యులు తండ్రి గ్రంథములను ప్రవచించి సంప్రదాయమును నిలిపిరి. శ్రీమద్రహస్యత్రయసారమున దేశికులు జీవుని కౌస్తుభమణివలె శ్రీవారి వక్షఃస్థలమున ఉండదగినవాడని, వేటకాండ్ర పల్లెలో పెరిగి తన వంశము మరచిన రాజకుమారుని వంటివాడని బోధించిరి. తాను రాజకుమారుడనని ఎరిగినవానికి పల్లెలోని పూసలపై ఆశ నిలువదు. ఆ ఎరుక చేతనే నాణెములు ఆయన కంటికి పురుగులైనవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము లభించినది. యజమానునితో కూడిన బంగారము మంగళకరము. యజమానుని మరపించు బంగారము సత్యముపై మూత. రావణుని లంక బంగారముతో నిండియున్నను, నారాయణుని విడిచి శ్రీదేవిని కోరుటచే భస్మమైనది. తిరుమలేశుని ఆనందనిలయ విమానమునకు 1518లో శ్రీకృష్ణదేవరాయలు పూయించిన బంగారము భక్తుల కన్నులను స్వామివైపునకే మరల్చినది.

తిరుమల యాత్రికులు విమానదర్శనము చేయునపుడును, ముడుపుగట్టిన బంగారమును హుండీలో వేయునపుడును, ఇండ్లలో ఆడపడుచులకు పసుపుకుంకుమలతో బంగారు తాళిబొట్టును సిద్ధపరచునపుడును దేశికుల చరిత్రను ఒక్కమారు తలచుకొనదగును. ఇది నాది యను తలంపు కలిగినచోట దర్భపుల్ల అవసరము. ఇది తల్లి సొమ్ము, అక్కరగలవారికి చేరవలసినది యను తలంపు కలిగినచోట శ్రీస్తుతి పారాయణము అవసరము. దయాశతకమున శ్రీనివాసుని దయనే దేవిగా భావించి 108 శ్లోకములతో కొలిచిన ఆ ఆచార్యుల అనుగ్రహమున, వేంకటాద్రియందు వెలసిన తరగని నిధి భక్తులందరికిని సిద్ధించుగాక.